కనబడే హ్యామర్, కనబడని హ్యామర్

పోయిన శీతాకాలం మా పక్కింటి పెద్దావిడ ఒక పని మీద పిలిచింది. ఒహాయోలో మేముండే వీధిలో నన్ను అందరూ ‘ఇంజనీరు’ కింద జమకట్టేశారు. ప్రింటర్ మొరాయించినా, గరాజ్ తలుపు ఇరుక్కున్నా నాకే కబురు. రాసేది సాఫ్ట్‌వేర్ అని చెప్పినా ఎవరూ పట్టించుకోరు. ఈసారి డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి, రెండు పాత రైఫిళ్లు పెట్టి ఉన్నాయి. చనిపోయిన ఆవిడ భర్తవి. ఒకటి అమ్మేసి ఇంకోటి పన్నెండేళ్ల మనవడి కోసం ఉంచాలట. ఏది ఉంచాలన్నది ప్రశ్న.

తుపాకులతో నా పరిచయం ఎంతని! చిన్నప్పుడు ఎగ్జిబిషన్‌లో బెలూన్లు పేల్చే ఎయిర్‌గన్, ఎన్‌సీసీ క్యాంపులో బోర్లా పడుకుని కాల్చిన ఐదు రౌండ్లు. అంతే. పైగా నాలా వీసా మీద ఉన్నవాళ్లు, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకపోతే, ఇక్కడ తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. అంచేత నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. తిప్పి చూపించడం, మర విప్పి రెండు ముక్కలు చేయడం అంతా ఆవిడే. ఇంటికొచ్చాక మాత్రం రెండు వారాలు అదే పనిగా చదివాను.

రెండూ .22 రిమ్‌ఫైర్ రైఫిళ్లే, రెండూ పంప్ యాక్షనే. రిమ్‌ఫైర్ అంటే తూటా అడుగున ఉండే అంచులోనే మందు అంటించే పదార్థం ఉంటుంది. పిన్ను వెళ్లి ఆ అంచుని నలగ్గొడితే పేలుతుంది. తయారీ చవక, చప్పుడు తక్కువ. 1857లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన .22 షార్ట్ ఈ రకమే. ఇవాళ్టికీ తయారవుతోంది. .22 లాంగ్ రైఫిల్ వచ్చింది 1887లో.

తూటా చవగ్గా ఉన్నా దానికి తగ్గ తుపాకీ చాలాకాలం లేదు. విన్‌చెస్టర్ వాళ్లు 1884లో తమ పెద్ద లీవర్ రైఫిల్, మోడల్ 1873నే .22లో చేసి అమ్మారు. బరువెక్కువ, ధర ఎక్కువ. ఇరవయ్యేళ్లలో అమ్ముడైనవి దాదాపు 19 వేలు. అప్పుడు యూటాలోని ఆగ్డెన్‌లో తుపాకుల పని చేసుకునే జాన్ బ్రౌనింగ్, తమ్ముడు మాథ్యూతో కలిసి ఒక డిజైన్ పంపాడు. 1888లో పేటెంట్ వచ్చింది. డ్రాయింగ్ చూసి కంపెనీ ఇంజనీర్లు ఇది పనిచేయదని తేల్చేస్తే, బ్రౌనింగ్ వాదన పెట్టుకోకుండా పనిచేసే తుపాకీ ఒకటి తయారుచేసి పంపాడని కథ చెబుతారు. కోడ్ రివ్యూల్లో నలిగినవాళ్లెవరికైనా నచ్చే కథ. నిజానిజాలు ఎలా ఉన్నా, అదే మోడల్ 1890 అయింది. 1932 దాకా సుమారు ఎనిమిదిన్నర లక్షలు తయారయ్యాయి.

వాటిలో ఎన్నో తిరునాళ్లకే పోయాయి. అమెరికన్ తిరునాళ్లు అనొచ్చు: కోనీ ఐలండ్ లాంటి చోట్ల ఉండే షూటింగ్ గ్యాలరీలు. ఇనుప బాతులు, కుందేళ్లు గొలుసు మీద తిరుగుతుంటాయి. కౌంటర్ మీద మోచేతులు ఆనించి కాల్చాలి. లీవర్ అయితే కిందికి విప్పినప్పుడల్లా కౌంటర్‌కి తగులుతుంది. పంప్‌లో ఎడమచెయ్యి ముందు చెక్కను వెనక్కీ ముందుకీ ఆడిస్తే చాలు, కుడిచెయ్యి ట్రిగ్గర్ దగ్గర్నుంచి కదలదు. బ్యారెల్ కింది గొట్టంలో పదిహేను షార్ట్ తూటాలు పట్టేవి. గ్యాలరీవాడు ముందే నింపి పెట్టుకున్న గొట్టంలోంచి గలగలా పోసేసేవాడు. ఇనుముకి తగిలి సీసం వెనక్కి చిందకుండా పొడిపొడిగా పగిలే గుళ్లు తర్వాత వచ్చాయి. ఆ పొడిని రోజంతా పీల్చిన గ్యాలరీ పనివాడి గురించి మాత్రం కలెక్టర్ల పుస్తకాల్లో ఒక్క వాక్యం నాకు తగల్లేదు.

టేబుల్ మీద మొదటిది అదే. మోడల్ 1890, ఎనిమిది పలకల బ్యారెల్. మూతబడుతున్న ఒక గ్యాలరీ నుంచి ఆయన తండ్రి కొన్నాడట. నీలపు పూత చాలావరకు పోయింది. టార్చి వేసి చూస్తే బ్యారెల్ లోపల మశూచి మచ్చల్లా గుంటలు. 1920ల చివరిదాకా .22 తూటాల్లో వాడిన ప్రైమర్ పేలాక ఉప్పు మిగిల్చేది. సాయంత్రం తుడవకపోతే తుప్పే.

రెండోది రెమింగ్టన్ మోడల్ 12. 1909లో వచ్చింది, 1936 దాకా నడిచింది. డిజైన్ జాన్ పెడర్సన్‌ది. కాగితం మీద చూస్తే ఇదే మెరుగు. 1890లో ఒక్కో తుపాకీ ఒక్క రకం తూటాకే. ఇందులో షార్ట్, లాంగ్, లాంగ్ రైఫిల్ మూడూ కలిపి వేసినా తింటుంది. విన్‌చెస్టర్ ఖాళీ గుల్లని నెత్తి మీదికి విసిరితే ఇది పక్కకి విసురుతుంది. హ్యామర్ లోపల దాగి ఉంటుంది కాబట్టి దుమ్ము చేరదు, చొక్కాకి తగులుకోదు. ట్రిగ్గర్ వెనక అడ్డంగా నొక్కే సేఫ్టీ కూడా ఉంది. విన్‌చెస్టర్‌కి హ్యామర్‌ని సగంలో ఆపడం తప్ప వేరే సేఫ్టీ లేదు. అదీ తూటా లోపలుండగా బొటనవేలితో హ్యామర్‌ని పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా దించాలి. వేలు జారిందా, అయిపోయింది.

కానీ విన్‌చెస్టర్ తన స్థితిని దాచదు. హ్యామర్ వెనక్కి ఉందో ముందుకుందో గదికి అవతలి వైపు నుంచి కూడా తెలుస్తుంది. తూటా ఉందో లేదో చెప్పదనుకోండి, ఆ మేరకు అదీ అబద్ధమే. పెడర్సన్ తుపాకీ నున్నగా, అందంగా, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంటుంది. మా వృత్తిలో ఇలాంటి ఇంటర్‌ఫేసులనే గొప్పవంటాం. పన్నెండేళ్ల పిల్లాడి చేతిలో ఊహించుకుంటే అంత గొప్పగా అనిపించలేదు. అయినా రెండో ఆదివారం వెళ్లి రెమింగ్టన్ ఉంచమనే చెప్పాను. బ్యారెల్ బావుంది, సేఫ్టీ ఉంది, నేర్చుకోడానికి అదే నయం, పాతదానికి కొనేవాళ్లు దొరుకుతారు అని కారణాలు కూడా రాసుకెళ్లాను.

ఆవిడ ఓపిగ్గా విని కళ్లజోడు పెట్టుకుంది. విన్‌చెస్టర్ బ్యారెల్ మీద కొట్టిన అక్షరాలు వేలితో తడిమి చూపించింది: .22 షార్ట్. లాంగ్ రైఫిల్ తూటాలు ఈ ఊళ్లో ఏ షాపులోనైనా దొరుకుతాయి, వాడి స్నేహితుల ఇళ్లల్లోనూ ఉంటాయి, అవి దీంట్లో పట్టవు అంది. షార్ట్ కావాలంటే తెప్పించుకోవాలి. అంటే వాడు ముందు తనని అడగాలి.

మర తిప్పి తుపాకీని రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క దుప్పట్లో చుట్టి అల్మారా పైకి ఎత్తమంది. నా వీసా సంగతి గుర్తొచ్చి నవ్వి, స్టూలు తెచ్చుకుని తనే ఎక్కింది. నేను స్టూలు పట్టుకున్నాను.