థాయ్ పౌరులను పెళ్లాడిన విదేశీయులకు నివాస గడువు పొడిగింపు

థాయ్‌లాండ్ పౌరురాలిని గానీ పౌరుణ్ణి గానీ పెళ్లాడిన విదేశీయులు ఆ దేశంలో ఏడాది చొప్పున నివసించడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి ఇది. వాడుకలో ‘పెళ్లి వీసా’ అంటారు గానీ, నిజానికి ఇది వీసా కాదు. వీసా ఇచ్చేవి ఇతర దేశాల్లోని థాయ్ రాయబార కార్యాలయాలు. దేశంలోకి వచ్చాక ఉండే గడువును పెంచేది థాయ్ పోలీసు శాఖ కింద పనిచేసే ఇమిగ్రేషన్ బ్యూరో. 1979 నాటి ఇమిగ్రేషన్ చట్టం దీనికి ఆధారం. అర్హతలు మాత్రం 2014లో వెలువడిన 327/2557 నంబరు పోలీసు ఉత్తర్వులోని 2.18 అంశం కింద ఉన్నాయి. థాయ్ దస్తావేజులు బౌద్ధ శకాన్ని అనుసరిస్తాయి కాబట్టి ఆ 2557 మన లెక్కలో 2014 అవుతుంది.

అన్నిటికంటే ముందు పెళ్లి రిజిస్టరు కావాలి. భిక్షువుల ఆశీస్సులతో, బంధువులందరి సమక్షంలో ఎంత ఘనంగా జరిగినా, రిజిస్టరు కాని పెళ్లిని థాయ్ పౌర, వాణిజ్య స్మృతి 1457వ సెక్షన్ గుర్తించదు. ఊళ్లలో ‘అంఫో’ అనే జిల్లా కార్యాలయంలోనూ, బ్యాంకాక్‌లో ‘ఖేత్’ కార్యాలయంలోనూ ఈ నమోదు జరుగుతుంది. భారతీయులైతే, తెలుగువారైనా మరెవరైనా, పెళ్లికి చట్టపరమైన అడ్డంకి లేదని మన రాయబార కార్యాలయం నుంచి పత్రం తీసుకోవాలి. దాన్ని థాయ్‌లోకి అనువదింపజేసి, థాయ్ విదేశాంగ శాఖ కాన్సులర్ విభాగంలో ధ్రువీకరింపజేయాలి. పెళ్లి వేరే దేశంలో జరిగి ఉంటే దాన్ని కూడా అంఫోలో నమోదు చేయించి ‘కో రో 22’ అనే పత్రం పొందాలి. 2025 జనవరి 23న అమల్లోకి వచ్చిన చట్ట సవరణతో ఒకే లింగానికి చెందిన జంటలకూ వివాహ నమోదు హక్కు దక్కింది.

ఆర్థిక అర్హత దగ్గర భర్తకు ఒక నియమం, భార్యకు ఒక నియమం. థాయ్ మహిళను పెళ్లాడిన విదేశీయుడు తన పేరిట థాయ్ బ్యాంకులో 4,00,000 బాట్ చూపాలి, లేదా నెలకు సగటున 40,000 బాట్ ఆదాయం నిరూపించాలి. బ్యాంకు సొమ్ము దరఖాస్తుకు ముందు రెండు నెలలపాటు ఆ మొత్తానికి తగ్గకుండా ఖాతాలో ఉండి తీరాలి. కొంత సొమ్ము, కొంత ఆదాయం కలిపి చూపుతామంటే కుదరదు. ఆ వెసులుబాటు పదవీ విరమణ కోటాలో ఇలాంటి పొడిగింపు పొందేవారికే. థాయ్ పురుషుణ్ణి పెళ్లాడిన విదేశీ మహిళకు ఈ డబ్బు షరతే లేదు. ఇంటిని పోషించేది మగవాడే అన్న పాతకాలపు ఊహ ఉత్తర్వులో అలాగే నిలిచిపోయింది. సంపాదించే థాయ్ భార్య ఉండి, భర్త ఇంటిపట్టున పిల్లల్ని చూసుకునే కుటుంబానికి ఇది అన్యాయమే.

ఆదాయాన్ని రుజువు చేసే పద్ధతి కూడా కాలక్రమంలో మారింది. పూర్వం సొంత దేశపు రాయబార కార్యాలయం రాసిచ్చిన ఆదాయపత్రం సరిపోయేది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా తమ పౌరులకు అలాంటి పత్రాలివ్వడం మానేశాక, 2019 నుంచి విదేశం నుంచి నెలనెలా థాయ్ ఖాతాలో జమైన సొమ్మును బ్యాంకు లెక్కలతో చూపే దారి ఏర్పడింది.

సాధారణంగా 90 రోజుల ‘నాన్ ఇమిగ్రెంట్ ఓ’ వీసాతో ఈ ప్రయాణం మొదలవుతుంది. ఆ గడువు తీరడానికి ముందు నెలలో టీఎం 7 ఫారంతో, 1,900 బాట్ రుసుముతో తమ ప్రాంతపు ఇమిగ్రేషన్ కార్యాలయానికి వెళ్లాలి. థాయ్ భాగస్వామి కూడా వెంట వెళ్లాలి. వివాహ పత్రాలు, ‘తబియన్ బాన్’ అనే ఇంటి రిజిస్టరు, బ్యాంకు లేఖ, ఇంటికి దారి చూపే పటం అడుగుతారు. గుమ్మం ముందు ఇంటి నంబరు కనిపించేలా, ఇంటి లోపల కలిసి ఉన్నట్టు తీసుకున్న దంపతుల ఫొటోలూ కావాలి. కాగితం మీది పెళ్లిళ్లను పట్టుకోవడానికే ఈ జాగ్రత్త అంతా. కొన్నిచోట్ల అధికారులు ఇంటికే వచ్చి ఇరుగుపొరుగును విచారిస్తారు. నిజంగా కాపురం చేసుకుంటున్నవారికి ఏటా ఇదే పరీక్ష మనసు నొప్పించే సంగతి. ఫైలు పై అధికారుల పరిశీలన పూర్తయ్యే లోపు పాస్‌పోర్టులో ‘పరిశీలనలో ఉంది’ అని దాదాపు 30 రోజుల ముద్ర వేస్తారు. అనుమతి వచ్చాక ఏడాది గడువును పాత గడువు ముగిసిన రోజు నుంచి లెక్కిస్తారు. పాస్‌పోర్టు గడువు అంతకుముందే తీరిపోతే పొడిగింపూ అక్కడికే ఆగుతుంది.

ఏడాది అనుమతి అక్కరలేనివారు భార్యనో భర్తనో పిల్లలనో చూడడానికి వచ్చామని చెప్పి 60 రోజుల పొడిగింపు కోరవచ్చు.

అనుమతి చేతికొచ్చాక మరిచిపోకూడనివి ఉన్నాయి. దేశంలో వరుసగా 90 రోజులు ఉన్న ప్రతిసారీ చిరునామా తెలపాలి. దేశం దాటేముందు రీ ఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే ఆ ఏడాది అనుమతి అంతటితో రద్దయి, మళ్లీ మొదటి నుంచి రావాల్సి ఉంటుంది. ఈ పర్మిట్‌కు రుసుము ఒకసారికి 1,000 బాట్, ఎన్నిసార్లయినా సరిపోయేదానికి 3,800 బాట్. గడువు మీరి ఉంటే రోజుకు 500 చొప్పున 20,000 బాట్ దాకా జరిమానా పడుతుంది. 90 రోజులు మించితే, తనంతట తాను వెళ్లిపోయినవారికీ ఏడాది నుంచి పదేళ్ల దాకా ప్రవేశ నిషేధం తప్పదు.

పదవీ విరమణ కోటాతో పోలిస్తే దీనికి రెండు మేళ్లున్నాయి. అక్కడ 50 ఏళ్ల వయసు, 8,00,000 బాట్ ఉండాలి, ఉద్యోగం చేయకూడదు. ఇక్కడ వయసు పట్టింపు లేదు; వర్క్ పర్మిట్ తీసుకుని ఉద్యోగం చేసుకోవచ్చు. అయితే పొడిగింపే పని అనుమతి కాదు. శాశ్వత నివాసం కోరేవారికి వరుసగా మూడేళ్ల పొడిగింపులు అవసరం. ఒక్కో దేశానికి ఏటా 100 మందికే ఆ అవకాశం. మంజూరైనప్పుడు మామూలుగా 1,91,400 బాట్ రుసుము ఉంటే, థాయ్ పౌరుల భాగస్వాములకు అది 95,700.

విడాకులైతే ఈ అనుమతికి ఆధారం పోతుంది. భాగస్వామి మరణించినా మరుసటి పొడిగింపు ఈ దారిలో రాదు. థాయ్ పౌరసత్వమున్న పిల్లలుంటే తల్లిగానో తండ్రిగానో, 50 దాటితే పదవీ విరమణ కింద మరో దరఖాస్తు పెట్టుకోవాలి. దశాబ్దాలు కాపురం చేసిన మనిషిని దుఃఖంలో ఉండగానే కొత్త అర్హత వెతుక్కోమనడం ఈ వ్యవస్థలోని అతి పెద్ద లోపం. కోరే కాగితాల జాబితా కార్యాలయానికో తీరుగా ఉంటుంది కనుక, దరఖాస్తుకు కనీసం మూడు నెలల ముందే తమ ప్రాంతపు కార్యాలయానికి వెళ్లి తాజా జాబితా తెచ్చుకోవాలి. డబ్బు దరఖాస్తుకు రెండు నెలల ముందే ఖాతాలో వేసి ఉంచాలి.