గాలి తుపాకి నుండి రంగుగుండు దాక

జొన్నచేను కంకి పట్టే రోజులలో రైతు మంచె ఎక్కి వడిసెల తిప్పుతాడు. చింతకాయలు రాల్చటానికి పిల్లలు ఉండేలు పట్టుకొంటారు. పూర్వము కొన్ని దేశాలలో వేటగాండ్రు ఊదుగొట్టముతో పిట్టలను కొట్టేవారు. వడిసెలకు చేతి విసురు బలము. ఉండేలుకు రబ్బరు సాగుడు బలము. ఊదుగొట్టానికి ఊపిరి బలము. ఈ మూడింటిలోను మూడవదే గాలి తుపాకికి మూలము. ఆ వంశములో ఇటీవల పుట్టినది పెయింట్‌బాల్ తుపాకి. రంగు నింపిన మెత్తని గుండును ఎదుటి ఆటగానిపై వేసి, అతనిమీద గుర్తు పడేటట్లు చేయటమే దాని పని. అందుచేతనే ఆటగాండ్రు దానిని తుపాకి అనక ‘మార్కరు’ అంటారు.

ఈ సాధనము చరిత్ర అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: మొదటి గుండు వెనుక ఎంత బలమున్నదో నూరవ గుండు వెనుక కూడ అంతే బలము ఉండేటట్లు చేయటము ఎట్లా? బోరబండ వంటి పేటలో అద్దెకు ఉంటూ, చదువుకొనే రోజులలో ఆడి మానివేసిన ఈ ఆటకు మరల రాదలచిన యువకుడు ఉన్నాడనుకొందాము. అతని జీతము కొద్ది. అంగడిలోని మార్కర్లు అనేకము. ఏది చౌక, ఏది నమ్మదగినది అని తేల్చుకోవటానికి అతనికి ప్రకటనలకంటె ఈ చరిత్రే ఎక్కువగా ఉపకరిస్తుంది.

సైనికుల చేతిలో గాలి తుపాకి

గాలిని చిన్న పాత్రలో కుదించి బంధిస్తే అది విస్తరించటానికి యత్నిస్తుంది. దారి ఇవ్వగానే ఎదుట ఉన్న గుండును నెట్టుకొని బయటికి వస్తుంది. ఈ సూత్రముతో జిరార్దోనీ అనే శిల్పి నిర్మించిన తుపాకిని 1780 ప్రాంతములో ఆస్ట్రియా సైన్యము స్వీకరించింది. దాని మడమే గాలితిత్తి. ఒకసారి నింపితే సుమారు 20 గుండ్లు వెంటవెంట పేల్చవచ్చు. పొగ లేదు, వర్షానికి తడిసిపోయే మందు లేదు. 1803లో అమెరికా ఖండాన్ని అడ్డముగా దాటబోయిన లూయిస్, క్లార్కుల బృందము కూడ ఒక గాలి తుపాకిని వెంట తీసుకొని పోయింది.

ఇంత మేలైన ఆయుధము ఎందుకు నిలువలేదు? ఆ తిత్తిని నింపటానికి చేతిపంపును సుమారు 1500 సార్లు కొట్టవలసి వచ్చేది. తోలు బిరడాలు ఎండితే గాలి కారిపోయేది. పైగా ఒక్కొక్క గుండు వెళ్ళినకొద్దీ తిత్తిలోని పీడనము తగ్గి, వెనుకటి గుండ్లు మునుపటివాటి దూరము పోయేవికావు. బలము చాలినంత ఉన్నా నిలకడ లేదు. ఈ లోపమే తరువాతి నిర్మాతలందరినీ వెన్నాడింది.

అడవిలో చెట్లకు గుర్తులు

పెయింట్‌బాల్ తుపాకి ఆటకోసము పుట్టలేదు. అమెరికాలో నరకవలసిన చెట్లకు అటవీ ఉద్యోగులు రంగుతో గుర్తులు పెట్టేవారు. వాగు అవతలనో, ముళ్ళపొద నడుమనో ఉన్న చెట్టు దగ్గరకు పోవటము కష్టము. దూరమునుండే గుర్తు వేయటానికి నెల్సన్ అనే రంగుల కంపెనీ ఒక తుపాకిని కోరింది. గాలి తుపాకులు చేసే డైసీ కంపెనీ 1970 దశకము తొలినాళ్ళలో ‘నెల్‌స్పాట్ 007’ను తయారుచేసింది. పశువుల మందలో వేరుచేయవలసినవాటికి గుర్తు వేయటానికి కూడ దానిని వాడారు.

దానిలోని గుండు మందుల దుకాణానికి దగ్గరి చుట్టము. చేపనూనె గుళికలను చూచినవారికి దాని స్వరూపము తెలుస్తుంది. జెలటిన్ పొరలో ద్రవాన్ని బంధించి మెత్తని గుళికలు చేసే యంత్రాన్ని రాబర్ట్ షెరర్ 1933లో రూపొందించాడు. నూనెమందుకు బదులు రంగు నింపితే అదే రంగుగుండు. దాని వ్యాసము 0.68 అంగుళము, అనగా సుమారు 17.3 మిల్లీమీటర్లు, బరువు సుమారు 3 గ్రాములు. దానిని నెట్టేది 12 గ్రాముల చిన్న గొట్టములో బంధించిన బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డై ఆక్సైడ్.

1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రములోని హెనికర్ గ్రామము దగ్గర అడవిలో పన్నెండుమంది ఈ తుపాకులు పట్టుకొని మొదటి ఆట ఆడారు. జెండాలు సేకరించి పట్టుబడకుండ బయటపడటము ఆటలోని నియమము. గెలిచినవాడు రిచీ వైట్ అనే అటవీ పనివాడు. అతడు ఒక్క గుండైనా పేల్చలేదు! అడవిలో నక్కి నడవటము తెలిసినవాడు కనుక జెండాలన్నీ తెచ్చుకొన్నాడు. ఖరీదైన తుపాకి కోసము అప్పు చేయబోయేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడు తరాల మార్కర్లు

మొదటి తరము పంపు మార్కరు. ప్రతి గుండుకు ముందు చేతితో పంపు లాగాలి. భాగాలు తక్కువ, వాయువు ఖర్చు తక్కువ, ధర తక్కువ. వేగముగా వేయలేకపోవటమే దాని కొరత.

రెండవ తరములో తిరిగి సిద్ధము చేసే పని వాయువుకే అప్పగించారు. 1986లో ఇండియానా రాష్ట్రములో ప్రారంభమైన టిప్‌మన్ సంస్థ ఈ మార్గములో పేరుపొందింది. అది 1998లో తెచ్చిన ‘మోడల్ 98’ను ఉదాహరణగా తీసికోవచ్చు. మీట నొక్కగానే స్ప్రింగు బలముతో ఒక సుత్తి ముందుకు దూకి కవాటాన్ని తట్టుతుంది. బయటపడిన వాయువులో ఒక భాగము గుండును నెట్టుతుంది. మరొక భాగము సుత్తిని వెనుకకు నెట్టి మరల కొక్కెమునకు తగిలిస్తుంది. ఇందులో విద్యుత్తు లేదు, సున్నితమైన పరికరము లేదు. లోహపు శరీరము. ఒక చిన్న తాళపుచెవి వంటి పనిముట్టుతో విప్పి, తుడిచి, నూనె వేసి, మరల బిగించుకోవచ్చు.

మూడవ తరము 1990 దశకము చివరి భాగములో బలపడింది. ఇందులో కవాటాన్ని తెరిచేది విద్యుదయస్కాంతము. ఎంతసేపు తెరవాలో ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక నిర్ణయిస్తుంది. వేగము ఎక్కువ, అదురు తక్కువ, వాయువు పొదుపు. కాని బ్యాటరీ అయిపోతే ఆట ఆగిపోతుంది. పలక చెడితే దానిని బాగుచేసేవాడు మన ఊళ్ళో దొరకటము కష్టము.

ఇట్లా చూస్తే ఒక్కొక్క తరము వేగాన్ని పెంచింది, దానితోపాటు చెడిపోగల భాగాలను కూడ పెంచింది.

హెనికర్ చలి, హైదరాబాదు ఎండ

ఒక దేశములో నమ్మదగిన యంత్రము మరొక దేశములో అంతే నమ్మదగినది కాకపోవచ్చు. దీనికి కారణము బొగ్గుపులుసు వాయువు స్వభావములో ఉన్నది. సిలిండరులో అది కొంత ద్రవముగాను, కొంత ఆవిరిగాను ఉంటుంది. ద్రవము ఉన్నంతవరకు లోపలి పీడనము ఉష్ణోగ్రతనుబట్టి ఉంటుంది. 0 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద అది సుమారు 35 బార్లు. 20 డిగ్రీల వద్ద సుమారు 57 బార్లు. 31 డిగ్రీల వద్ద సుమారు 74 బార్లు. (మన చుట్టూ ఉండే గాలి పీడనము ఇంచుమించు ఒక బారు.) 31 డిగ్రీలు ఈ వాయువుకు సందిగ్ధ ఉష్ణోగ్రత. ఆపైన ద్రవము, ఆవిరి అనే భేదమే ఉండదు. అప్పుడు పీడనము ఎంత పెరిగేదీ సిలిండరును ఎంత నింపారన్నదానిమీద ఆధారపడుతుంది.

హైదరాబాదులో మే నెలలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతూ ఉంటుంది. మైదానములో ఎండకు పెట్టిన సిలిండరు ఇంకా వేడెక్కుతుంది. ఉదయము సరిగా ఉన్న గుండు వేగము మధ్యాహ్నానికి హద్దు మీరుతుంది. ఇక వెంటవెంట పేల్చితే, ద్రవము ఆవిరి కావటానికి కావలసిన వేడిని సిలిండరునుండే లాగుకొంటుంది. సిలిండరు చల్లబడి పీడనము పడిపోతుంది. జిరార్దోనీ తుపాకిలోని పాత జబ్బు ఈ విధముగా మరల బయటపడుతుంది.

గుండు సంగతి కూడ ఇంతే. జెలటిన్ తేమను పీల్చుకొంటుంది. వానకాలములో తెరచి ఉంచిన గుండ్లు ఉబ్బి మెత్తబడి గొట్టములో ఇరుక్కొంటాయి. ఎండకాలములో పెళుసెక్కి గొట్టములోనే పగులుతాయి. చాలమంది దీనిని మార్కరు లోపమనుకొని కొత్తది కొంటారు. గుండును గొట్టములో వేసి చూడటము మంచి పరీక్ష. అది దానంతట అది జారిపోకూడదు; నోటితో ఊదితే మాత్రము కదిలి బయటికి రావాలి.

గచ్చిబౌలి చెప్పే పాఠము

నిలకడైన పీడనానికి పరిష్కారము ఏమిటో తెలుసుకోవటానికి దూరదేశాలకు పోనక్కరలేదు. బోరబండకు పడమరగా గచ్చిబౌలి ప్రాంతము 2002లో జాతీయ క్రీడలతో క్రీడాకేంద్రముగా రూపుదిద్దుకొన్నది. మరుసటి ఏడు హైదరాబాదులో ఆఫ్రో ఆసియా క్రీడలు జరిగాయి. 2003 అక్టోబరు 26న 10 మీటర్ల గాలి రైఫిల్ పోటీలో హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ స్వర్ణపతకము గెలిచాడు. 2012లో లండన్ ఒలింపిక్ క్రీడలలో 701.1 పాయింట్లతో కాంస్యపతకము తెచ్చాడు.

ఆ పోటీలో పదిమీటర్ల దూరములోని గురికేంద్రము వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే. ఒక గుండుకు, మరొక గుండుకు వేగములో భేదము వస్తే అక్కడ చెల్లదు. అందుచేత ఆ రైఫిళ్ళలో సుమారు 200 బార్ల వరకు కుదించిన మామూలు గాలిని సిలిండరులో నింపుతారు. దానికీ కవాటానికీ నడుమ ఒక రెగ్యులేటరు ఉంటుంది. సిలిండరులో ఎంత ఉన్నా రెగ్యులేటరు దాటి వచ్చే పీడనము ఒకటే. గాలి ఇక్కడి ఎండలో ద్రవము కాదు కనుక ఉష్ణోగ్రత ప్రభావము కూడ స్వల్పము. ఇదే ఏర్పాటును పెయింట్‌బాల్ మార్కరుకు కూడ తగిలించవచ్చు. 200 బార్ల సిలిండరు, రెగ్యులేటరు కలిపి కొంటే రెండవ తరము మార్కరే చాల నిలకడగా పనిచేస్తుంది.

ఏది కొనవలసినది?

మరల ఆటకు వచ్చే యువకుడు ముందు చూడవలసినది మార్కరును కాదు, ముసుగును. ఆటలో గుండు వేగానికి సాధారణముగా సెకనుకు 300 అడుగులు, అనగా సుమారు 91 మీటర్లు హద్దు. 3 గ్రాముల గుండుకు ఆ వేగము వద్ద గతిజశక్తి లెక్కకడితే సుమారు 12 జౌళ్ళు వస్తుంది. ఇది ఒలింపిక్ గాలి రైఫిల్ గుండు శక్తికంటె తక్కువేమీ కాదు! గుండు వెడల్పైనది, తగలగానే పగిలేది కనుక ఒంటిమీద కమిలి ఊరుకొంటుంది. కంటికి తగిలితే చూపే పోవచ్చు. మామూలు కళ్ళద్దాలు ఆ దెబ్బకు ఆగవు. పెయింట్‌బాల్‌కే పరీక్షించిన ముసుగు కావాలి. అద్దము గీతలుపడినా, చాల పాతబడినా మార్చివేయాలి.

రెండవ ప్రశ్న, సిలిండరును నింపించే చోటు ఎక్కడ? అది దగ్గరలో లేకపోతే ఎంత మంచి మార్కరైనా గోడకు వ్రేలాడవలసినదే. సిలిండరుమీద నీటి పీడన పరీక్ష తేదీ చూడాలి; గడువు దాటినదానిని ఎంత చౌకగా ఇచ్చినా తీసికోరాదు.

ఈ రెండూ సమకూరిన తరువాత మార్కరు. కొద్ది జీతగానికి తగినది విద్యుత్తు లేని, లోహపు శరీరముగల రెండవ తరము మార్కరు. గుండ్లమీద కూడ పొదుపు కావాలనుకొంటే పంపు మార్కరు. పాతది కొంటే ఎదుటనే విప్పించి రబ్బరు రింగులు చూడాలి. ఏండ్ల తరబడి మూలపడిన మార్కరులో అవి ఎండి పగులుతాయి. జిరార్దోనీ తోలు బిరడాల వలె వాయువును కార్చివేస్తాయి. వాటి ఖరీదు స్వల్పమే. అవి మార్చి, రెండు చుక్కల నూనె వేస్తే పాడైనదని పారవేసిన మార్కరు మరల పనిచేయటము అరుదు కాదు. తరువాత వేగమాపకము ముందు పది గుండ్లు వేసి చూడాలి. పదింటి వేగములు దగ్గరదగ్గరగా ఉంటే అది నమ్మదగినది. అవి చెల్లాచెదరుగా ఉంటే దానిమీద ఎవరి పేరున్నా లాభము లేదు.

చట్టము సంగతి కూడ మరువరాదు. మన దేశములో 2016 నాటి ఆయుధ నిబంధనలు గాలి తుపాకులకు 20 జౌళ్ళ శక్తిని, 0.177 అంగుళపు గొట్టాన్ని హద్దుగా పెట్టి, వాటిని మించినవాటికి లైసెన్సు కావాలన్నాయి. పెయింట్‌బాల్ మార్కరు శక్తిలో హద్దులోనిదే కాని గొట్టపు వెడల్పులో కాదు. కనుక డబ్బు చెల్లించేముందు పోలీసు కార్యాలయములో విచారించుకోవటము అవసరము. సొంతముగా కొనలేనివారు అద్దెకు ఇచ్చే మైదానములో ఆడుకోవచ్చు. రామోజీ ఫిల్మ్ సిటీలోని సాహస్ ప్రాంగణములో ఈ ఆటకు ఏర్పాటు చేశారు. అద్దె మార్కర్లు తరచు రెండవ తరమువే. రోజూ ఎందరి చేతులలోనో నలుగుతూ కూడ అవి పనిచేస్తున్నవంటే, కొనబోయేవానికి అంతకంటె మంచి సాక్ష్యము మరొకటి ఉండదు.