ఓరుగల్లు శాసన పాఠాలు – తెలుగు ముద్రణలో వాలు అక్షరం

హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని కాకతి రుద్రదేవుని శాసనం శకవర్షం 1084, అంటే క్రీ.శ. 1163 నాటిది. అందులో తిథి వివరాలు చెప్పే ఆరంభభాగం తెలుగు. అచింతేంద్రుడు రచించిన ప్రశస్తి సంస్కృతం. రెండింటికీ లిపి ఒకటే. శిలపై ఆ రెండు భాషలకు వేర్వేరు అక్షరాలు అవసరం కాలేదు. ఆ పాఠాన్ని అచ్చుకు సిద్ధం చేసే పరిష్కర్త మాత్రం భాషాభేదాన్నీ, తాను పూరించిన అక్షరాలనూ పాఠకుడికి స్పష్టంగా చూపవలసి ఉంటుంది. రోమన్ లిపి ముద్రణలో పరభాషాపదాలనూ గ్రంథనామాలనూ వేరుచేసి చూపడానికి ఇటాలిక్ ఉంది. తెలుగులో ఆ పనికి తగిన అక్షరమేది అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

ఇటాలిక్ నిలువు అక్షరాన్ని పక్కకు వంచగా పుట్టింది కాదు. ఇటలీ పండితుల వేగవంతమైన కలంరాత దానికి మూలం. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ 1501లో వర్జిల్ కావ్యాలను ఈ అక్షరాలతో ముద్రించాడు. అచ్చులను చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. ఆ రాతను నేర్పే పుస్తకాన్ని లుడొవికో అరిగ్గి 1522లో రోమ్‌లో వెలువరించాడు. హెర్మన్ జాఫ్ 1979లో రూపొందించిన జాఫ్ చాన్సరీ ఆ సంప్రదాయానికి చెందినదే. ప్రశంసాపత్రాలకూ ఆహ్వానపత్రికలకూ అది విరివిగా వాడుకలోకి వచ్చింది. ఈ అక్షరాల్లో వాలుతోపాటు ఆకృతులు కూడా మారతాయి. కలం నడక ఆ మార్పుకు కారణం.

తెలుగులో ఇటాలిక్ రూపం లేని ఖతిని కంప్యూటర్ యాంత్రికంగా వంచుతుంది. అప్పుడు పంక్తికి పైనున్న గుడి కుడివైపుకు, కిందనున్న వత్తు ఎడమవైపుకు జరుగుతాయి. ద, ధలను వేరుచేసే అడుగు గీత తన స్థానం నుంచి కదులుతుంది. సమానమైన మందంతో గీసిన వలయం ఒక మూల పలచబడి మరో మూల మందమవుతుంది. ప, వల భేదం తలకట్టు కలిసిందా విడిగా ఉందా అన్నదానిపై నిలుస్తుంది కాబట్టి, చిన్న పరిమాణంలో ఈ వికృతి పాఠనిర్ణయానికే అడ్డు కాగలదు. శాసనపరిష్కరణలో ఇది ఉపేక్షింపదగిన లోపం కాదు.

తెలుగులో కలంరాత సొగసుకు బాపు అక్షరాలు ప్రసిద్ధమైన ఉదాహరణ. పుస్తకాల ముఖపత్రాలపైనా సినిమా పేర్లలోనూ అవి తమ ముద్రను నిలుపుకున్నాయి. అయితే ముఖపత్రానికి అమరిన విలాసం దీర్ఘమైన శాసనపాఠానికి అమరదు. అక్కడ నిలకడగా చదివించే రూపం కావాలి.

అందుకు దగ్గరి మార్గం రెండు నిలువు ఖతులను జతగా వాడటం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు ఇందుకు అనువైనవి. బమ్మెర కవి పేరు మోసే మొదటిదానిలో గీత మందం మారుతూ ఉంటుంది; రెండవదానిలో దాదాపు సమానం. సంస్కృతభాగానికి ఒకటి, తెలుగుభాగానికి మరొకటి కేటాయించి, పూరించిన అక్షరాలను చదరపు కుండలీకరణాల్లో ఉంచితే పరిష్కర్త ఉద్దేశం నెరవేరుతుంది. తెలుగుకు నిజమైన ఇటాలిక్ రావాలంటే దాని ఆకృతులను తెలుగు చేతిరాత నుంచే గ్రహించాలి. అటువంటి ఖతి సిద్ధమయ్యేవరకు పరిశోధన ప్రచురణల్లో యాంత్రికమైన వాలును పరిహరించడమే ఉచితం.