చిత్తూరు సీమ వీరగల్లులు

పోరులోనో, పసుల మందను విడిపించబోయో ప్రాణం వదిలినవాడి పేర నిలిపిన రాయి వీరగల్లు. కన్నడంలో 'కల్లు' అంటే రాయి. ఆ మాటే తెలుగులోనూ నిలిచిపోయింది. పాత చిత్తూరు జిల్లాలో, ముఖ్యంగా పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల్లో, 9వ శతాబ్ది నాటి తెలుగు శాసనాలున్న వీరగల్లులు బయటపడ్డాయి.

తెలుగు రాతికెక్కింది అంతకు చాలా ముందే. పొరుగున కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనాన్ని పండితులు సుమారు సా.శ. 575 నాటిదిగా లెక్కిస్తారు. ఇంచుమించు ఆ కాలంలోనే, 4 నుంచి 7వ శతాబ్ది దాకా, ఐర్లండులో ఓగమ్ రాళ్లు లేచాయి. నిలువురాతి అంచునే గీతగా పెట్టుకొని, దానికి అటూ ఇటూ గంట్లు కొడుతూ కింది నుంచి పైకి రాసే లిపి అది. అలాంటివి సుమారు 400 మిగిలాయి. వాటిలో చాలావరకు ఉండేది ఫలానావాడి కొడుకు ఫలానా అన్న ముక్కే. మన వీరగల్లుకు వంశం మీద అంత పట్టింపు లేదు. ఏ రాజు ఏలుబడిలో, ఎవరి బంటుగా, ఏ పోరులో పడ్డాడన్నదే దానికి ముఖ్యం.

ఆ రాజుల్లో పెద్ద పేరు వైదుంబ మహారాజు గండత్రినేత్రుడు. వైదుంబులు రేనాడు ఏడువేల సీమను ఏలారు. మదనపల్లె దగ్గరి చిప్పిలి, వాయల్పాడు వైపు కలకడ వాళ్లకు ముఖ్యమైన ఊళ్లు. వాళ్ల పొరుగువాళ్లు వడుగవళి పన్నెండువేల సీమను ఏలిన బాణులు. ఈ రెండు పక్షాలూ కలిసి సోరెమడి దగ్గర నొలంబులతో, గంగరాజు రాచమల్లుతో తలపడ్డాయి. ఈ యుద్ధం ఊసు ఏ కావ్యంలోనో వెతికితే లాభం లేదు. అందులో చచ్చిన బంట్ల రాళ్లే దానికి సాక్ష్యం. ఒకే పోరు పేరు వేర్వేరు రాళ్ల మీద కనబడబట్టి, ఎవరు ఎవరి పక్షమో చరిత్రకారులు జతపరచగలిగారు. ఇలాంటి రాళ్లలో చాలావాటికి శకసంవత్సరం ఉండదు. అక్షరాల తీరును, రాజుల పేర్లను బట్టే కాలం కట్టాలి.

రాయి సాధారణంగా ఒకే బండపలక. కింద వీరుడు విల్లో కత్తో పట్టి, కాలు ముందుకు వేసి ఉంటాడు. మందకోసం చచ్చినవాడైతే పక్కన ఆవులుంటాయి. కొన్నింటిలో ఆ పైన అప్సరసలు అతన్ని చేతులు పట్టి వీరలోకానికి తీసుకుపోతుంటారు. అన్నిటికన్నా పైన లింగం, నంది. రాత కోసం వేరే చోటు కేటాయించడం తక్కువ. బొమ్మల మధ్య గట్టు మీదా, వీరుడి తల చుట్టూ మిగిలిన ఖాళీలోనూ అక్షరాలు ఇరుక్కుంటాయి. వరుస ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో పట్టుకోవడమే సగం పని. లిపి తెలుగు కన్నడాలు విడిపోకముందుది. బండి ఱ, ఇప్పుడు మనం వదిలేసిన ఴ అందులో కనిపిస్తాయి. రాయిని పాడుచేసినవాడికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయన్న శాపంతో ముగించడం ఆనాటి శాసనాల్లో మామూలే.

శాపం కన్నా రాళ్లను ఎక్కువగా కాపాడింది పూజ. చాలా ఊళ్లలో వీరగల్లు గ్రామదేవత అయిపోయింది. కానీ నూనె, పసుపు, సున్నం పొరలు పొరలుగా పేరుకొని అక్షరాలను పూడ్చేస్తాయి. చదవాలంటే ముందు రాయిని కడగాలి. తడి కాగితం పరచి, కుంచెతో కొట్టి, అక్షరాల గుంటల్లోకి దించాలి. ఆరేటప్పుడు పైన సిరా అద్దితే నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. మద్రాసు శాసన శాఖ 20వ శతాబ్ది మొదట్లో ఊరూరా తిరిగి ఇలాంటి అచ్చులు తీసింది.

ఆనాటి నివేదికలు తిరగేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందరి నివేదికల్లో పుంగనూరు రాళ్లను ఉత్తర ఆర్కాటు కింద, మదనపల్లె రాళ్లను కడప కింద వెతకాలి. 2022 విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు పోయింది, పుంగనూరు చిత్తూరులోనే ఉండిపోయింది.