వైన్‌లో నానబెట్టిన పండ్లు

వైన్‌లో నానబెట్టిన పండ్లు అనేది పండ్ల ముక్కలను చక్కెర లేదా తేనె కలిపిన ద్రాక్ష వైన్‌లో కొన్ని గంటలు ఊరనిచ్చి, చల్లగా వడ్డించే తీపి వంటకం. దీనికి పొయ్యితో పని లేదు. అందువలన ఐరోపా దేశాలలో విందులకు సులువుగా చేసే వంటకంగా ఇది పేరు పొందినది. వేడి చేయనందున వైన్‌లోని ఆల్కహాలు మొత్తం వంటకంలోనే ఉండిపోతుంది. చూడటానికి మామూలు పండ్ల సలాడ్ వలె ఉండటం వలన దీని వడ్డనలో జాగ్రత్త అవసరం.

చరిత్ర

ప్రాచీన రోమనులు వైన్‌లో తేనె కలిపి విందు ఆరంభంలో సేవించేవారు. ఇటలీలో పీచ్ పండ్ల ముక్కలను వైన్‌లో వేసి తినే అలవాటు ఉన్నది. జర్మనీలో వేసవి నుండి కాసిన పండ్లను వరుసగా చక్కెరతో పాటు గాఢమైన రమ్ములో వేసి, శీతాకాలం వరకు జాడీలో నిలువ ఉంచుతారు. దీనిని రుమ్‌టోఫ్ అంటారు. స్పెయిన్, పోర్చుగల్ దేశాల సాంగ్రియా పానీయం కూడా ఈ కోవకు చెందినదే. 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలోని స్పెయిన్ మంటపం ద్వారా సాంగ్రియా అమెరికాలో ప్రాచుర్యం పొందినది.

భారతదేశంలో ఈ పద్ధతి ఎక్కువగా క్రిస్మస్ కేకు తయారీలో కనిపిస్తుంది. కిస్‌మిస్, ఖర్జూరం, చెర్రీ మొదలగు ఎండు పండ్లను కొన్ని వారాల ముందే రమ్ము లేదా వైన్‌లో నానబెడతారు. పళ్ళరసంలో నానబెట్టేవారు కూడా ఉన్నారు.

ఆంధ్ర ప్రాంతంలో

కృష్ణా డెల్టాలో ఇది సంప్రదాయ వంటకం కాదు. ఇక్కడ పులియబెట్టిన ద్రాక్ష ఔషధ రూపంలో పరిచితం. ఆయుర్వేదంలోని ద్రాక్షారిష్టం ధాతకీ పుష్పాల సాయంతో పులియటం వలన స్వల్పంగా ఆల్కహాలు కలిగి ఉంటుంది. నేడు ఊళ్ళలో "వైన్స్" అని బోర్డు ఉన్న దుకాణాలు ప్రధానంగా విస్కీ, బ్రాందీ, బీరు అమ్మేవే. అందుచేత వాడుకలో "వైన్" అనే మాటను ద్రాక్ష వైన్‌గా గాక మద్యం అనే అర్థంలో తీసుకోవటం కద్దు.

మద్యం ఈ ప్రాంతంలో రాజకీయ, సామాజిక సమస్య కూడా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఆరంభించిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993లో సారాను నిషేధించారు. గుడివాడ నుండి 1983, 1985లలో శాసనసభకు ఎన్నికైన నందమూరి తారక రామారావు, 1994 డిసెంబరులో తిరిగి ముఖ్యమంత్రి అయిన పిమ్మట 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చినది. 1997లో దీనిని సడలించారు. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్ళలోపు వారికి మద్యం అమ్మరాదు. లైసెన్సు లేకుండా ఇంట్లో వైన్ పులియబెట్టటం ఎక్సైజు చట్టం ప్రకారం నేరం.

పండ్ల ఎంపిక

గట్టిగా ఉండి, రసం గల పండ్లు అనుకూలం. ద్రాక్ష, దానిమ్మ గింజలు, అనాస, ఆపిల్, దోరజామ ఇందుకు తగినవి. మామిడిలో కోతకు వీలైన బంగినపల్లిని ఎంచుకోవాలి. నూజివీడు ప్రాంతపు చిన్నరసాలు పీచు కలిగి, చీకి తినే రకం కాబట్టి ముక్కలుగా నిలవవు. అరటిపండు త్వరగా మెత్తబడి నల్లబడుతుంది. గుడివాడ, నందివాడ ప్రాంతంలో వేసవిలో దొరికే లేత తాటి ముంజలను వడ్డనకు కొద్దిసేపు ముందు మాత్రమే కలపాలి.

తయారీ విధానం

ఆరుగురికి అర కిలో పండ్ల ముక్కలు, 300 మిల్లీలీటర్ల వైన్, 2 లేక 3 చెంచాల చక్కెర, ఒక నిమ్మకాయ రసం, చిన్న దాల్చినచెక్క ముక్క సరిపోతాయి.

1. పండ్లను కడిగి, తడి లేకుండా తుడిచి, సమానమైన ముక్కలుగా కోయాలి.
2. ముక్కలపై చక్కెర, నిమ్మరసం చల్లి పావుగంట ఉంచాలి. చక్కెర వలన పండ్లలోని రసం బయటకు ఊరుతుంది.
3. గాజు, పింగాణి లేక స్టీలు పాత్రలో వేసి వైన్, దాల్చినచెక్క కలపాలి. పులుపు గల పదార్థం కనుక అల్యూమినియం, ఇత్తడి పాత్రలు వాడరాదు.
4. మూతపెట్టి ఫ్రిజ్‌లో 2 నుండి 4 గంటలు ఉంచి, చల్లగా వడ్డించాలి.

ఆల్కహాలు పరిమాణం

వైన్‌లో 12 శాతం ఆల్కహాలు ఉన్నచో 300 మిల్లీలీటర్లలో 36 మిల్లీలీటర్లు, అనగా సుమారు 28 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. దానిని ఆరుగురు రసంతో సహా పంచుకుంటే ఒక్కొక్కరికి దాదాపు 5 గ్రాములు. ఇది 150 మిల్లీలీటర్ల వైన్ గ్లాసులో ఉండే దానిలో మూడవ వంతు. వండితే ఆల్కహాలు పూర్తిగా ఆవిరైపోతుందన్నది అపోహ. అరగంట మరిగించిన తరువాత కూడా సుమారు 35 శాతం మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు తెలుపుతున్నాయి.

జాగ్రత్తలు

* పిల్లలు పండ్ల సలాడ్ అనుకొని తినే ప్రమాదం ఉన్నది. వేరే బల్లపై పేరు రాసి ఉంచాలి.
* గర్భిణులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, మెట్రోనిడజోల్ వంటి మందులు వాడేవారు, మద్యం మానివేసినవారు తినరాదు. మతపరంగా మద్యం ముట్టనివారికి ముందే చెప్పటం విధి.
* పండ్ల రసంతో కలిసి ఆల్కహాలు సుమారు 5 శాతానికి తగ్గిపోతుంది. అది నిలువకు చాలదు. కనుక డెల్టా వేసవిలో బయట ఉంచరాదు. మరునాటికల్లా తినివేయాలి.
* నాటుసారాలో ప్రాణాంతకమైన మిథనాలు ఉండవచ్చు. దానిని ఎన్నడూ వాడరాదు.
* తిన్న తరువాత వాహనం నడపరాదు.

మద్యం లేని ప్రత్యామ్నాయం

వైన్ బదులు నల్లద్రాక్ష రసం, నిమ్మరసం, దాల్చినచెక్క వాడి ఇదే పద్ధతిలో చేయవచ్చు. శ్రీరామనవమి పానకం వలె బెల్లం, మిరియాలు, యాలకులు, శొంఠి కలిపిన నీటిలోనూ పండ్లను ఊరబెట్టవచ్చు. పిల్లలు, పెద్దలు కలిసి కూర్చునే విందులకు ఇది తగినది.