పాత పికప్‌లో ముందు చక్రాల కంపనం, టైర్ల అసమాన అరుగుదల: లోపాన్ని గుర్తించే క్రమం

పాత పికప్ వాహనం గంటకు 70, 80 కిలోమీటర్ల వేగం అందుకోగానే స్టీరింగ్ చేతుల్లో వణకడం, కొత్తగా వేయించిన ముందు టైర్లు కొద్ది వేల కిలోమీటర్లకే ఒక అంచున నున్నగా అరిగిపోవడం తరచుగా కలిసి కనిపించే లక్షణాలు. వీటికి మరమ్మతు కేంద్రాల్లో ముందుగా వినిపించే సమాధానం వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్. పదేళ్లు దాటిన వాహనం విషయంలో ఆ సమాధానం చాలాసార్లు చివరి పనిని మొదట చేయిస్తుంది. కీళ్లు అరిగిన వాహనానికి చేసిన అలైన్‌మెంట్, వాహనం యంత్రం మీద నిలిచి ఉన్నంతసేపే సరిగా ఉంటుంది. రోడ్డెక్కి నాలుగు గుంతలు దాటేసరికి చక్రాలు మళ్లీ తమ దారిన తాము తిరుగుతాయి. యజమానికి మిగిలేది బిల్లు, మరో జత అరిగిన టైర్లు.

కూరగాయలు, పాలు, సిమెంటు బస్తాలు మోస్తూ ఒక కుటుంబాన్ని నడిపించే వాహనానికి ఇది చిన్న నష్టం కాదు. అంతకన్నా ముఖ్యమైనది భద్రత. పూర్తిగా అరిగిన బాల్ జాయింట్ విడిపోతే చక్రం పక్కకు ఒరిగిపోతుంది. టై రాడ్ ఎండ్ ఊడితే స్టీరింగ్ తిప్పినా చక్రం మాట వినదు. ఈ రెండూ హఠాత్తుగా జరిగినట్లు కనిపించినా, అంతకు ముందు చాలా కాలం కంపనం రూపంలోనో, టైరు మీది గీతల రూపంలోనో సూచనలు ఇస్తూనే ఉంటాయి.

భారతీయ రోడ్ల మీద తిరిగే పాత పికప్‌లలో ముందు భాగం ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు, దాని కింద లేదా పైన కమాను కట్టలు, చక్రం తిరగడానికి కింగ్ పిన్‌లు. రెండోది, ప్రతి చక్రమూ విడిగా కదిలే స్వతంత్ర సస్పెన్షన్. అందులో కింగ్ పిన్‌కు బదులు పైన, కింద బాల్ జాయింట్లు ఉంటాయి. వాహనం ఏ రకానిదో తెలుసుకోకుండా వెతకడం మొదలుపెడితే లేని భాగాన్ని అనుమానించే ప్రమాదం ఉంది.

కంపనం ఎప్పుడు, ఎక్కడ?

లోపాన్ని వెతకడానికి మొదటి పరికరం పానా కాదు, స్పీడోమీటర్. 215/75 ఆర్ 15 కొలత టైరు వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు, చుట్టుకొలత 2.2 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు దాదాపు 10 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున ఒకవైపు 50 గ్రాముల బరువు ఎక్కువగా ఉంటే, ఆ వేగంలో అది సుమారు 4 కిలోల బరువుకు సమానమైన బలంతో చక్రాన్ని సెకనుకు 10 సార్లు చుట్టూ లాగుతుంది. ఈ బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 40 కిలోమీటర్ల వేగంలో అది నాలుగో వంతే. బ్యాలెన్సింగ్ లోపం నెమ్మదిగా వెళ్లేటప్పుడు తెలియకపోవడానికి, 80 ప్రాంతంలో మొదలై 100 దాటాక ఒక్కోసారి తగ్గినట్లు అనిపించడానికి కారణం ఇదే. బలం తగ్గదు, స్టీరింగ్, సస్పెన్షన్‌ల సహజ ఊపుతో దాని లయ కలిసే వేగం దాటిపోతుంది, అంతే.

20 నుంచి 40 కిలోమీటర్ల వేగంలోనే వాహనం కుంటుతున్నట్లు ఊగితే బ్యాలెన్సింగ్‌ను అనుమానించనక్కర లేదు. రిమ్ము వంగి ఉండాలి, లేదా టైరు గుండ్రదనం కోల్పోయి ఉండాలి, లేదా టైరు లోపలి పొరలు విడిపోతూ ఉండాలి. మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం. పొరలు విడిన చోట టైరు పైభాగంలో చిన్న ఉబ్బు కనిపిస్తుంది. చేతితో తడిమినా తెలుస్తుంది. అటువంటి టైరును స్టెప్నీగా కూడా ఉంచుకోకూడదు.

బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే స్టీరింగ్ కొట్టుకుంటే ముందు డిస్కుల మందంలో తేడా గానీ, అవి వంకరగా తిరగడం గానీ కారణం. అదే కొట్టుకోవడం సీటు కింద తెలిస్తే వెనుక డ్రమ్ములు గుండ్రదనం కోల్పోయాయని అనుకోవచ్చు. వణుకు స్టీరింగ్‌లో కాక నేల నుంచి, సీటు నుంచి వస్తూ, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు పెరిగి వదిలినప్పుడు తగ్గితే ముందు చక్రాల జోలికి వెళ్లే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్‌లను చూడాలి. వెనుక చక్రాల వాహనంలో ఆ షాఫ్టు చక్రం కన్నా సుమారు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది. అందుకే దాని వణుకు ఊపులా కాక సన్నని ఝుంకారంలా ఉంటుంది.

వేరుగా చెప్పుకోవలసిన మరో లక్షణం ఉంది. ఒకే ఇరుసు ఉన్న వాహనం 50, 60 వేగంలో గుంత ఎక్కగానే స్టీరింగ్ రెండు వైపులా అదుపు లేకుండా ఊగడం మొదలై, దాదాపు ఆగేదాకా తగ్గదు. దీన్ని బ్యాలెన్సింగ్‌తో సరిచేయాలని చూడటం వృథా. అసమతౌల్యం ఆ ఊపును ప్రారంభించవచ్చు గానీ, దాన్ని కొనసాగనిచ్చేది అరిగిన కింగ్ పిన్ బుష్‌లు, వదులైన టై రాడ్ ఎండ్‌లు, సడలిన యు-బోల్టులు. కొన్ని వాహనాల్లో కమాను కట్టకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు పలక ఒకటి ఉంటుంది. ఇరుసు వెనుకకు ఎంత వాలాలో నిర్ణయించేది అదే. కమాన్లు మార్చినప్పుడు ఆ పలకను మరిచిపోయినా, తిరగేసి పెట్టినా స్టీరింగ్ తనంతట తాను నేరుగా నిలిచే గుణం తగ్గి ఇదే జబ్బు వస్తుంది. కొత్త కమాన్లు వేసిన తర్వాతే ఊపు మొదలైందని యజమాని చెబితే ముందుగా చూడవలసింది అక్కడే.

టైరు చెప్పే సాక్ష్యం

ఒకే టైరుకు రెండు భుజాలూ అరిగి మధ్యభాగం నిలిస్తే గాలి తక్కువ, లేదా బరువు ఎక్కువ. మధ్యభాగం అరిగితే గాలి ఎక్కువ. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడు, తలుపు వద్ద అతికించిన పట్టీ లేదా యజమాని పుస్తకంలోని అంకె ప్రకారం చూడాలి; టైరు పక్కభాగాన ముద్రించిన గరిష్ఠ అంకె సిఫారసు కాదు.

ఒక అంచు మాత్రమే అరిగినప్పుడు చేతి స్పర్శ కన్నా మంచి పరీక్ష లేదు. అరచేతిని టైరు మీదుగా బయటి నుంచి లోపలికి, తిరిగి లోపలి నుంచి బయటికి జరపాలి. ఒక దిశలో నున్నగా, మరో దిశలో రంపపు పళ్లలా తగిలితే చక్రం నేరుగా దొర్లడం లేదు, పక్కకు ఈడ్చుకుపోతోంది. అంటే టో లోపం. బయటికి లాగినప్పుడు గరుకు తగిలితే రెండు చక్రాల ముందు అంచులు అవసరానికి మించి దగ్గరగా ఉన్నాయి; ఆ అరుగుదల బయటి భుజం వైపు ఎక్కువ. లోపలికి జరిపినప్పుడు గరుకు తగిలితే అవి దూరంగా తెరుచుకున్నాయి. లోపలి భుజం ముందు పోతుంది. గరుకు లేకుండా ఒక అంచు నున్నగా వాలినట్లు అరిగితే చక్రం నిలువుగా లేదని, అంటే కాంబర్ లోపమని భావించాలి.

టో లోపం ఎంత వేగంగా టైరును తినేస్తుందో చిన్న లెక్క చెబుతుంది. 70 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రాల మధ్య, ముందుకూ వెనుకకూ ఉన్న దూరాల్లో తేడా ఉండవలసిన దానికన్నా 6 మిల్లీమీటర్లు ఎక్కువైతే, ప్రతి చక్రమూ కిలోమీటరు ప్రయాణానికి 4 మీటర్లకు పైగా పక్కకు రాచుకుంటూ పోతుంది. కంటికి ఆ 6 మిల్లీమీటర్లు కనిపించవు. టైరుకు మాత్రం రోజుకు వంద కిలోమీటర్లు తిరిగితే 400 మీటర్లు అడ్డంగా ఈడ్చినంత పని.

చుట్టూ అక్కడక్కడ గుంటలు పడినట్లు అరగడం వేరే కథ. చక్రం రోడ్డు మీద నిలకడగా ఆనక ఎగిరెగిరి పడుతోందని దానర్థం. షాక్ అబ్జార్బర్లు నీరసించి ఉండవచ్చు, బేరింగ్ వదులై ఉండవచ్చు, బ్యాలెన్స్ చాలా కాలంగా తప్పి ఉండవచ్చు. ఒకే చోట చదునైన మచ్చ ఉంటే చక్రం లాక్ అయ్యేలా బ్రేకు వేసిన గుర్తు.

ప్రతి అరుగుదలా లోపం కాదు. శ్రీశైలం, అరకు వంటి ఘాట్ రోడ్లపై నిత్యం తిరిగే వాహనాలకు ముందు టైర్ల బయటి భుజాలు మలుపుల వల్లనే గుండ్రబడతాయి. అక్కడ అలైన్‌మెంట్ కొలతలు సరిగా ఉన్నాయని తేలితే టైర్లను స్థానం మార్చి వాడుకోవడమే మార్గం.

జాకీ ఎత్తాక

ఎత్తడానికి ముందే చేయవలసిన పని ఒకటుంది: రిమ్ముల లోపలి వైపు కడగడం. నల్లరేగడి పొలాల్లో దిగిన వాహనం రిమ్ము లోపల ఎండిన మట్టి గడ్డ ఒక్కటే 50 గ్రాములకు మించి తూగగలదు. అది తీసేయడంతోనే కంపనం పోవచ్చు. బ్యాలెన్సింగ్ బరువులు ఊడిన గుర్తులు, నట్లు అన్నీ సమానంగా బిగిసి ఉన్నాయా అన్నది కూడా అప్పుడే చూడాలి.

తర్వాత వెనుక చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి ముందు చక్రాన్ని ఎత్తాలి. ఒకే ఇరుసు ఉన్న వాహనంలో జాకీ ఇరుసు కింద పెట్టాలి. స్వతంత్ర సస్పెన్షన్‌లో స్ప్రింగు లేదా టోర్షన్ బార్ కింది ఆర్మ్ మీద పనిచేసే రకమైతే ఆ ఆర్మ్ కిందనే పెట్టాలి. ఛాసిస్ కింద పెడితే స్ప్రింగు బలం బాల్ జాయింట్‌ను బిగించి పట్టి, ఉన్న వదులును దాచేస్తుంది. ఎంతో అరిగిన జాయింట్లు బాగున్నాయని పంపేయడానికి ఈ ఒక్క పొరపాటు చాలు. స్టాండు పెట్టకుండా వాహనం కిందకు దూరకూడదని వేరే చెప్పనక్కర లేదు.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. వదులు తెలిస్తే మరొకరిని బ్రేకు తొక్కమని, మళ్లీ ఊపాలి. బ్రేకు తొక్కగానే వదులు మాయమైతే అది చక్రం బేరింగ్‌ది. అలాగే ఉంటే కింగ్ పిన్‌దో, బాల్ జాయింట్‌దో. ఇటూ అటూ పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే వదులు తెలిస్తే టై రాడ్ ఎండ్‌లు, స్టీరింగ్ లింకులు అనుమానితులు. ఆ తర్వాత చక్రాన్ని చేతితో తిప్పుతూ, నేల మీద ఇటుక పేర్చి దాని మీద మేకును కదలకుండా టైరుకు దగ్గరగా నిలపాలి. మేకుకూ టైరుకూ మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే టైరు గానీ రిమ్ము గానీ వంకర. ఖరీదైన యంత్రం చెప్పే విషయాన్నే ఇది చెబుతుంది.

స్టీరింగ్ లింకులకు అసలైన పరీక్ష చక్రాలు నేల మీద ఉన్నప్పుడే. ఇంజిన్ ఆన్ చేసి ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా ఇటూ అటూ కుదుపుతుంటే, మరొకరు కింద ప్రతి కీలు మీదా చేయి ఉంచి చూడాలి. ఒక కడ్డీ కదిలి దాని పక్కది ఆలస్యంగా కదిలితే మధ్యనున్న కీలు పోయింది. స్టీరింగ్ బాక్సు ఛాసిస్ మీద కదులుతోందేమో చూడటం చాలామంది మరిచిపోయే పని. బరువులు మోసిన పాత వాహనాల్లో ఆ బోల్టులు సడలడం, వాటి చుట్టూ ఛాసిస్ పగుళ్లివ్వడం ఉంటుంది.

ఎంత వెతికినా చక్రానిదా, సస్పెన్షన్‌దా అన్నది తేలకపోతే ముందు చక్రాలను వెనుకకు, వెనుకవి ముందుకు మార్చి అదే రోడ్డు మీద అదే వేగంలో నడపాలి. వణుకు స్టీరింగ్ నుంచి సీటు కిందకు మారితే చక్రమే దోషి. మారకపోతే టైర్ల మీద ఇక ఖర్చు పెట్టనక్కర లేదు.

అలైన్‌మెంట్ వంతు

వదులు భాగాలు మార్చి, కుంగిన కమాన్లో స్ప్రింగులో సరిచేసి, గాలి సరిచూశాకే అలైన్‌మెంట్. వాహనం ఎత్తు మారితే స్వతంత్ర సస్పెన్షన్‌లో టో, కాంబర్ రెండూ మారతాయి కనుక ఈ వరుసను తిరగేయలేం. ఒకే ఇరుసు వాహనంలో సాధారణంగా సరిచేయగలిగింది టో మాత్రమే. కాంబర్ తేడా వస్తే ఇరుసు వంగిందనో, కింగ్ పిన్ అరిగిందనో అర్థం. వంగిన ఇరుసును వేడి చేసి కొట్టి సరిచేయడం దాని ఉక్కు బలాన్ని దెబ్బతీస్తుంది, మార్చడమే క్షేమం.

యంత్రం దొరకని ఊళ్లో టోను టేపుతోనూ కొలవవచ్చు. రెండు ముందు టైర్ల మధ్యగీత మీద సుద్దతో గుర్తు పెట్టి, హబ్ ఎత్తులో ముందు వైపు దూరం కొలవాలి. వాహనాన్ని ముందుకు తోసి ఆ గుర్తులు సరిగ్గా వెనుక వైపు అదే ఎత్తుకు వచ్చాక మళ్లీ కొలవాలి. రెండు కొలతల తేడాయే టో. అవే గుర్తులను కొలుస్తాం గనుక రిమ్ము వంకర లెక్కలోకి రాదు.

రవాణా వాహనానికి ఇవన్నీ సొంత జాగ్రత్తకే పరిమితం కావు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ధ్రువపత్రం ఏటా పునరుద్ధరించుకోవాలి. ఆటోమేటెడ్ పరీక్షా కేంద్రాల్లో చక్రాలు పక్కకు జారే పరిమాణాన్ని సైడ్ స్లిప్ యంత్రం కొలుస్తుంది. ఇటువంటి వాహనాల టైరు గాడి లోతు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. లోతు మిగిలినా వయసు మీరిన టైరు నమ్మదగింది కాదు. పక్కభాగాన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారం.

మరమ్మతు పూర్తయ్యాక కూడా పాత టైర్లు కొంతకాలం శబ్దం చేస్తాయి. ఒకసారి రంపపు పళ్లలా అరిగిన రబ్బరు వెంటనే సమం కాదు. వాటిని వెనుకకు మార్చి, మంచి జతను ముందు వేసి, వీల్ నట్లు, యు-బోల్టులు 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాలి. ముందు టైర్ల లోతును లోపలి అంచున, మధ్యన, బయటి అంచున కొలిచి రాసిపెట్టుకోవాలి. 2,000 కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలిస్తే మూడు చోట్లా తరుగుదల ఒకేలా ఉందో లేదో తేలుతుంది.