చెరువుకో చేపల చిట్టా

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతపు చెరువుల కట్టలకూ తూములకూ శిస్తుకూ రాతలున్నాయి. ఆ నీటిలో బతికే చేపల లెక్కను మాత్రం గాలం పట్టినవారే రాసి పెట్టాలి.

రాయలసీమలో చెరువును గురించి రాసి పెట్టడం శతాబ్దాల నాటి అలవాటు. కడప జిల్లా పోరుమామిళ్లలోని 1369 నాటి శాసనం, మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన అనంతరాజసాగరాన్ని గురించి చెబుతూ, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ వరుసగా పేర్కొని, రోజుకు వేయి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేసిన సంగతిని సైతం నమోదు చేసింది. చెరువు కట్టించినవారికీ మరమ్మతు చేయించినవారికీ పన్ను తగ్గించి భూమి ఇచ్చే దశబంధం ఇనాముల వివరాలు శాసనాల నుంచి రెవెన్యూ దస్తరాల దాకా కొనసాగాయి. అయితే ఈ రాతలన్నిటిలో చెరువంటే ప్రధానంగా కట్ట, తూము, ఆయకట్టు, శిస్తు. చేప ప్రస్తావన వచ్చినా అది చేపల పాట దగ్గర, అంటే చేపలు పట్టుకునే హక్కును వేలం వేయగా వచ్చిన సొమ్ము ఊరి ఖాతాకో గుడి ఖాతాకో జమపడిన చోట వస్తుంది తప్ప, ఏ జాతి చేప ఏ నెలలో ఎంత నీటిలో దొరికిందో ఆ జమాఖర్చు చెప్పదు.

ఆ లోటును పూరించగలిగినది గాలం వేసే మనిషి తన కోసం తాను రాసుకునే పుస్తకం. దానిని చేపల చిట్టా అనవచ్చు. వ్యాపారి ఏ రోజు లెక్కను ఆ రోజే, లాభమైనా నష్టమైనా వదలకుండా ఎక్కించే పుస్తకం చిట్టా కాబట్టి, చెరువు గట్టున గడిపిన ప్రతి పూటనూ చేప పడినా పడకపోయినా నమోదు చేసే పుస్తకానికి ఆ పేరు సరిపోతుంది.

రెండు నదుల నడుమ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ నేడు ఒకే ప్రాంతంగా కనిపించినా, వాటి పాలనా చరిత్రలు వేరు, వాటి నీళ్లు కూడా వేరు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు మదనపల్లె కడప జిల్లాలో ఉండగా, పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. మదనపల్లె వైపు పారే బాహుదా నీరు చెయ్యేరు ద్వారా పెన్నకు చేరుతుంది. కుప్పం మీదుగా పాలారు తమిళనాడులోకి సాగిపోతుంది. పుంగనూరు, పలమనేరు వైపు కొండల్లో పుట్టిన కౌండిన్య నది కూడా చివరకు పాలారులోనే కలుస్తుంది. నదీ పరీవాహకం, అంటే కురిసిన వాన ఏ నదికి చేరుతుందో ఆ నేలంతా, చేపల రాకపోకలకు సహజమైన సరిహద్దు గనుక, ఒక మిట్టకు అటూ ఇటూ ఉన్న రెండు చెరువుల్లో సైతం ఒకే రకం చేపలు ఉంటాయని ముందే అనుకోవడానికి వీల్లేదు.

ఇక్కడి చెరువుల్లో చాలా భాగం గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మరవ పారితే, అంటే ఎక్కువైన నీరు కట్ట తెగకుండా కట్టిన రాతి అలుగు మీదుగా పొర్లితే, ఆ నీరు వంక పట్టి కింది చెరువుకు చేరుతుంది. ఆ ప్రవాహానికి చేపలు ఎదురెక్కుతాయి. అందుచేత మరవ పారిన తేదీ, ఎన్ని రోజులు పారిందన్న లెక్క, రైతుకు ఎంత అవసరమో చేపల చరిత్రకు కూడా అంతే అవసరం. నైరుతి రుతుపవనాలు చాలని ఏటిలో కూడా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు ఈ చెరువులను ఆదుకుంటాయి. అవి కూడా మొహం చాటేస్తే చెరువు వరుసగా కొన్నేళ్లు ఎండిపోతుంది, 2021 నవంబరులో లాగా విరుచుకుపడితే ఏళ్ల తరబడి పారని మరవలు పారుతాయి. ఇంత ఒడుదొడుకుల నీటిలో ఏ చేప నిలిచింది, ఏది పోయి మళ్లీ వచ్చింది అన్న ప్రశ్నకు ఒక్క ఏటి పరిశీలన సమాధానం చెప్పలేదు.

చేపను రాసినవారు

తెలుగు నీళ్లలోని చేపలను క్రమపద్ధతిలో నమోదు చేసినవారిలో తొలి పేరు ప్యాట్రిక్ రస్సెల్. స్కాట్లాండుకు చెందిన ఈ వైద్యుడు 1780ల్లో విశాఖపట్నంలో ఉండి, ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి పరిశోధకుడిగా పనిచేస్తూ, అక్కడ దొరికిన రెండు వందల చేపల వర్ణనలను బొమ్మలతో సహా సిద్ధం చేయగా, అవి 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడ్డాయి. ఆయన పాటించిన ఒక పద్ధతి నేటి చిట్టాకు కూడా ఆదర్శం. శాస్త్రీయ నామం స్థిరపడని చేపను వదిలేయకుండా, స్థానికులు చెప్పిన తెలుగు పేరునే దాని గుర్తుగా రాసుకున్నాడు. వాలుగకు ఆయన రాసుకున్న ఆ పిలుపే తరువాతి శాస్త్రజ్ఞుల చేతిలో ‘వల్లాగో’ అనే ప్రజాతి నామంగా నిలిచిపోయింది.

మంచినీటి చేపల సంగతి ప్రభుత్వ దృష్టికి వచ్చింది పంతొమ్మిదో శతాబ్దం మూడో పాదం మొదలయ్యాకనే. మద్రాసు వైద్య శాఖకు చెందిన ఫ్రాన్సిస్ డే, భారతదేశపు మత్స్య పరిశ్రమకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉంటూ, ఏయే చేపలు ఏ పేర్లతో దొరుకుతున్నాయి, వలకన్ను ఎంత సన్నగా ఉంటోంది, చేపపిల్లలను కూడా పడుతున్నారా, నీటిలో మందు కలిపి చంపుతున్నారా అన్న ప్రశ్నలకు కలెక్టర్ల నుంచి, తాసిల్దార్ల నుంచి వచ్చిన సమాధానాలను 1873 నాటి నివేదికలో పొందుపరిచాడు. 1875 నుంచి 1878 వరకు వెలువడిన ఆయన బృహద్గ్రంథం ‘ది ఫిషెస్ ఆఫ్ ఇండియా’లో అనేక జాతులకు తెలుగు పేర్లు కూడా చోటు చేసుకున్నాయి. విషప్రయోగాన్నీ పేలుడు పదార్థాలనూ నిషేధిస్తూ భారత మత్స్య చట్టం వచ్చింది 1897లో.

గాలానికి సంబంధించినంత వరకు ఇక్కడి చెరువులకు మరింత దగ్గరి రచయిత హెన్రీ సల్లివన్ థామస్. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగిగా దక్షిణ కెనరా జిల్లాలో పనిచేస్తూ చేపల పెంపకం మీద నివేదిక రాసిన ఈయన, 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ను, 1887లో కేవలం చెరువుల్లో గాలం వేయడాన్ని గురించి ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ను ప్రచురించాడు. కొండనదుల్లోని పెద్ద చేపల కోసమే గాలం అన్న అభిప్రాయం బలంగా ఉన్న రోజుల్లో, ఊరి చెరువుకు ఒక పూర్తి పుస్తకం కేటాయించడం గమనించదగిన విషయం.

ఈ ముగ్గురికీ తెలుగు చరిత్ర రుణపడి ఉంది. అయితే ముగ్గురూ దేశం మొత్తాన్నో ఒక తీరాన్నో దృష్టిలో పెట్టుకుని జాతులను రాశారే గాని, ఒకే చెరువును ఏటేటా వెంటాడి రాయడం వారి పని కాలేదు. ఆ పనికి మరో దేశంలో మంచి ఉదాహరణ ఉంది. ఇంగ్లండ్‌లో టెస్ట్ నది మీద 1822లో ఏర్పడిన హౌటన్ ఫిషింగ్ క్లబ్ సభ్యులు తమ వేటల వివరాలను పుస్తకాల్లో ఎక్కిస్తూ రాగా, వాటి ఆధారంగా హెర్బర్ట్ మాక్స్‌వెల్ 1908లో ఆ క్లబ్ వృత్తాంతాన్ని సంకలనం చేశాడు. వినోదం కోసం రాసుకున్న ఆ పుటలు ఒక నదికి ఎనభై ఆరేళ్ల చరిత్ర అయ్యాయి.

దినచర్య మన నేలకు కొత్త కాదు

రోజువారీ నమోదు తెలుగువారికి అరువు తెచ్చుకోవలసిన అలవాటేమీ కాదు. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే రెండు భాషల మధ్య మాట అందించే ఉద్యోగిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, దారిలోని మజిలీలనూ నీటి వసతినీ దొరికే సరుకులనూ ఎప్పటికప్పుడు రాసి పంపగా, అది 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1961లో మొదలుపెట్టి కొన్ని నెలలపాటు రాసుకున్న ‘నోట్‌బుక్’లో, ఆ ఊరికి దగ్గరలోని రిషి వ్యాలీలో రాసిన పుటలు కూడా ఉన్నాయి. వాటిలో లోతైన చింతన పక్కనే కొండలూ చెట్లూ వెలుగూ కనిపిస్తాయి. అదే లోయలో పక్షుల పరిశీలన దశాబ్దాలుగా సాగి, ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్ 1993లో రాసిన రిషి వ్యాలీ పక్షుల పుస్తకానికి దారి తీసింది. బీడుపడిన లోయను మళ్లీ పచ్చబరచి నీటిని నిలిపిన కొద్దీ పక్షులు పెరిగిన తీరును చెప్పడానికి ఆ నమోదులే ఆధారం. పక్షికి దక్కిన ఈ శ్రద్ధ, అదే నీటి అడుగున ఉండే చేపకు కూడా దక్కవలసి ఉంది.

పుటలో ఏముండాలి

చిట్టాలో ప్రతి పూటకు రాయవలసినవి కొద్దిపాటివే: తేదీ, చెరువు పేరు, కూర్చున్న చోటు, నీటి మట్టం, నీటి రంగు, గాలి దిశ, వేసిన ఎర, గాలం నీటిలో ఉన్న సమయం, పడిన చేపల పేర్లు, పొడవు, బరువు. నీటి మట్టాన్ని మీటర్లలో కొలవలేనివారు తూము మెట్లలో ఎన్ని మునిగాయో, మరవకు నీరు ఎన్ని మూరల దూరంలో ఉందో రాసినా చాలు, కొలిచే గుర్తు ఏటా ఒకటే అయి ఉండడం ముఖ్యం. తేదీ పక్కన కార్తెను కూడా రాయడం ఈ ప్రాంతానికి తగిన పద్ధతి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలాన్ని కార్తె అంటారు. జూన్ మొదటి వారం ముగిసే వేళకు వచ్చే మృగశిర, అక్టోబరు చివర వచ్చే స్వాతి వంటి కార్తెలను బట్టే పల్లెల్లో వానను గుర్తు పెట్టుకుంటారు కనుక, పెద్దలు చెప్పే జ్ఞాపకాలతో చిట్టాను పోల్చి చూడడానికి అది వంతెన అవుతుంది.

అన్నిటికన్నా విలువైన నమోదు చేప పడని పూటది. మూడు గంటలు కూర్చుని రెండు చేపలు పట్టిన రోజుకూ, ఒక్క గంటలో రెండు పట్టిన రోజుకూ చెరువు పరిస్థితి ఒకటి కాదు. వేటకు పెట్టిన సమయంతో దక్కిన చేపలను భాగిస్తే వచ్చే సంఖ్యను మత్స్యశాస్త్రం శ్రమకు తగిన రాబడిగా లెక్కిస్తుంది. ఖాళీ పూటలను వదిలేసిన పుస్తకంలో ఆ రాబడి ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది కాబట్టి, చెరువులో చేప తగ్గిపోతున్న సంగతి దానికి తెలియనే తెలియదు.

మరో ముఖ్యమైన భేదం, చెరువులో వేసిన చేపకూ చెరువులోనే పుట్టిన చేపకూ ఉన్నది. బొచ్చె, రోహు, మృగాల వంటి పెద్ద చేపలు సహజంగా పారే నదిలో గుడ్లు పెడతాయే గాని నిలవ నీటిలో సాధారణంగా పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి వాటి చేత గుడ్లు పెట్టించిన తర్వాతే పిల్లలను కేంద్రాల్లో ఉత్పత్తి చేసి చెరువులకు తరలించడం విస్తరించింది. కాబట్టి గాలానికి బొచ్చె పడిందంటే అది ప్రధానంగా ఎవరో పిల్లలు వదిలిన ఫలితం. అదే కొరమీను, జెల్ల, మార్పు, పరిగె పడ్డాయంటే ఆ చెరువు తన సంతతిని తానే నిలుపుకుంటోందని అర్థం.

కొరమీనును దగ్గరగా గమనిస్తే ఈ సంగతి మరింత స్పష్టపడుతుంది. మొప్పలతో పాటు తల లోపలి గదితో కూడా గాలి పీల్చగల ఈ చేప, నీరు ఇంకిన చెరువులో తడి బురదను ఆశ్రయించి కొంతకాలం ప్రాణం నిలుపుకుంటుంది. కొత్త నీరు వచ్చాక గడ్డి మొలిచిన ఒడ్డు దగ్గర గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు ఎర్రటి గుంపుగా కూడి, గాలి కోసం పదేపదే పైకి తేలుతుంటే నీటి మీద ఆ చోటు సన్నగా మరిగినట్టు కదులుతుంది. ఆ గుంపు కిందనే తల్లిదండ్రులు కాపలా తిరుగుతూ, దగ్గరకు వచ్చిన దేని మీదనైనా విరుచుకుపడతాయి. ఆ కోపం వల్లనే అవి గాలానికి సులువుగా చిక్కుతాయి, చిక్కితే పిల్లలన్నీ ఇతర చేపలకు ఆహారమవుతాయి. ఎర్ర గుంపు తొలిసారి కనిపించిన తేదీని రాసుకుని, ఆ చోట గాలం వేయకుండా వెనుదిరగడం చిట్టా నేర్పే ధర్మం. పదేళ్ల పాటు ఆ తేదీలను రాసి ఉంచితే, ఏ వానకు ఎన్ని రోజుల తర్వాత కొరమీను పిల్లలు చేస్తుందో ఆ చెరువుకు సంబంధించినంత వరకు తేలిపోతుంది.

కొత్త నీరు, కొత్త చేప

చెరువుల్లోని చేపలు గత డెబ్బై ఏళ్లలో ఎంతో మారాయి. 1952లో భారతదేశానికి తెచ్చిన ఆఫ్రికా తిలాపియా, పల్లెల్లో జిలేబి చేపగా పేరుపడి, నోట్లోనే గుడ్లను పొదుగుతూ నిలవ నీటిలో సులువుగా పెరిగిపోయింది. బంగారు తీగ, గడ్డిచేప వంటి విదేశీ జాతులు కూడా పెంపకం కోసం వచ్చాయి. నిషేధంలో ఉన్న ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకం గుంతలు దాటి చెరువుల్లో పడితే స్థానిక మార్పు చేపకు, జెల్లకు ముప్పు. ఇవి ఏ చెరువుకు ఏ ఏట చేరాయో, అంతకు ముందు అక్కడ ఏముండేదో చెప్పడానికి నేడు పెద్దల జ్ఞాపకమే ఎక్కువగా దిక్కు.

ఇంతకన్నా పెద్ద మార్పు ఇప్పుడు మొదలైంది. హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకం శ్రీశైలం వద్ద కృష్ణా నీటిని ఎత్తి, పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువల ద్వారా ఈ ప్రాంతానికి తెస్తోంది. కరువును చూసిన నేలకు ఆ నీరు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే పెన్న, పాలారు పరీవాహకాల చెరువుల్లోకి మూడో నది నీరు చేరినప్పుడు, దానితో పాటు గుడ్లో పిల్లలో కొత్త జాతులో రాగల అవకాశం ఉంటుంది. ఏటా ఎండి నిండే చెరువు ఏడాది పొడవునా నిండుగా ఉంటే, ఎండిపోయే చెరువుకు అలవాటుపడిన కొరమీనుకూ, ఎప్పుడూ నీరు కోరే చేపకూ మధ్య తూకం కూడా మారవచ్చు.

ఈ మార్పు మంచిదా చెడ్డదా అన్నది ఊహతో తేల్చవలసిన విషయం కాదు, నీటి మట్టం, తేదీ, గంటలు, చేప పేరు ఉన్న నమోదుతో తేల్చవలసినది. అందుకు ప్రయోగశాల అక్కరలేదు, ఊరూరా గాలం పట్టేవారు ఉన్నారు, బడిపిల్లల దగ్గర నోటుపుస్తకాలు ఉన్నాయి, వలకు పడిన చేపను చూసి పేరు చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నారు. చెరువుకొకరు రాసి, ఏడాదికొకసారి ఆ పుస్తకం నకలును ఊరి బడిలోనో గ్రంథాలయంలోనో భద్రపరిస్తే, మూడు పట్టణాల చుట్టూ ఉన్న చెరువులకు తమ సొంత మత్స్య చరిత్ర ఏర్పడుతుంది. ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేయదగినది కాదు. కొత్త నీరు పూర్తిగా కలిసిపోయిన తర్వాత, పాత నీటిలో ఏముండేదో ఎంత శ్రద్ధగలవారైనా తిరిగి వెళ్లి రాయలేరు.